పడవకి సెలవులు: మన వైజాగ్ తీరంలో బోటుని ఆపడం ఎంత పెద్ద పనో తెలుసా?

ఈ రోజు ఎపిసోడ్ పడవల గురించి. అయితే సముద్రంలో దూసుకెళ్లే పడవల గురించి కాదు, ఆపేసి పక్కన పెట్టిన పడవల గురించి. ఆగిపోయిన పడవలో చెప్పడానికి ఏముంది అనుకోకండి. చివరికొచ్చేసరికి డబ్బు లెక్క ఒకటి వేస్తాను. ఆ లెక్క కోసమైనా ఉండండి.

ముందు కాస్త దూరం వెళ్దాం. అమెరికాలో మిన్నెసోటా, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ ఎటు చూసినా సరస్సులే. వేసవిలో జెట్‌స్కీల సందడి మామూలుగా ఉండదు. మన రుషికొండ బీచ్‌లో చూస్తుంటారుగా, నీళ్ల మీద నడిపే బైక్ లాంటిది, అదే. అక్టోబర్ వచ్చేసరికి అక్కడ ఒక తంతు మొదలవుతుంది. బండిని నీళ్లలోంచి బయటికి లాగుతారు. ఇంజన్లో మిగిలిన నీళ్లన్నీ తీసేస్తారు. గడ్డకట్టని ద్రవం, అదే యాంటీఫ్రీజ్, గొట్టాల్లోకి ఎక్కిస్తారు. సిలిండర్లలోకి నూనె స్ప్రే చేస్తారు. పెట్రోల్ పాడవకుండా ట్యాంక్‌లో మందు కలుపుతారు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటారు. ఎలుకలు దూరకుండా పొగ గొట్టం కూడా మూసేస్తారు.

ఎందుకింత హడావుడి? చాలా జెట్‌స్కీలు ఇంజన్ చల్లబరుచుకోవడానికి సరస్సు నీళ్లనే లోపలికి పీల్చుకుంటాయి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. లోపల ఒక గ్లాసుడు నీళ్లు మిగిలిపోయినా, చలికాలంలో ఆ మంచు ఇంజన్ దిమ్మని పగలగొట్టేస్తుంది. బండి ఎక్కడికీ వెళ్లలేదు, దేన్నీ గుద్దలేదు. షెడ్డులో ఊరికే నిలబడి పగిలిపోయింది!

నాకు ఈ పాయింటే బాగా పట్టుకుంది. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కదా. సర్వర్‌ని ఆపడం అంటే ప్లగ్ పీకేయడం కాదు. నడుస్తున్న పనులన్నీ ముగించాలి, డేటా సేవ్ చేయాలి, కనెక్షన్లు ఒక్కొక్కటీ మూయాలి, ఆ తర్వాతే ఆపాలి. పడవా అంతే. ఆపడం అంటే పని మానేయడం కాదు, ఆపడమే ఒక పని.

సరే, వైజాగ్‌కి వచ్చేద్దాం. మనకి మంచు లేదు. జనవరి తెల్లవారుజామున మఫ్లర్లు చుట్టుకుని తెగ ఫీలవుతాం గానీ, సముద్రం గడ్డకట్టేంత సీన్ మనకెప్పుడూ లేదు. మరి మన పడవకి శత్రువు ఎవరు? ఒకరు కాదు, నలుగురు. ఉప్పు, ఎండ, పురుగు, తుఫాను. వీళ్ల నుంచి పడవని కాపాడే విద్య ఈ తీరంలో ఎన్నో తరాలుగా ఉంది. ఆ చరిత్రే ఈ రోజు మన కథ.

అన్నిటికంటే పాత మోడల్‌తో మొదలుపెడదాం. తెప్ప. పెద జాలారిపేట లాంటి మత్స్యకార పేటల్లో ముసలివాళ్లని అడగండి, కళ్లు మెరుస్తాయి. నాలుగైదు తేలిక కొయ్య దుంగలని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కడితే అదే తెప్ప. మేకు లేదు, ఇంజన్ లేదు. దీన్ని ఆపే పద్ధతి చూడండి. వేట నుంచి ఒడ్డుకొచ్చాక కట్లు విప్పేస్తారు. దుంగలని విడదీసి ఇసక మీద ఆరబెడతారు. మళ్లీ వేటకెళ్లే ముందు కట్టుకుంటారు.

ఇంత కష్టం ఎందుకంటే, కొయ్య నీళ్లు పీల్చుకుంటుంది. పీల్చుకున్న దుంగ బరువెక్కుతుంది, తేలడం తగ్గిపోతుంది. పైగా తడిగా నీళ్లలోనే ఉంచితే పురుగు పడుతుంది. ఆరబెడితే రెండు సమస్యలూ ఒకే దెబ్బకి పోతాయి. అమెరికావాళ్లు ఏడాదికోసారి చేసే పనిని మనవాళ్లు వేటకెళ్లొచ్చిన ప్రతిసారీ చేసేవారన్నమాట.

ఆ పురుగు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని ఓడపురుగు అంటారు గానీ, నిజానికి అది పురుగే కాదు. నత్తలు, ఆల్చిప్పల చుట్టం. టెరిడో అని శాస్త్రీయ నామం. వెచ్చటి ఉప్పునీళ్లలో చెక్కని లోపల్నుంచి తొలిచేస్తుంది. బయట్నుంచి చూస్తే చిన్న చిన్న చిల్లులే కనిపిస్తాయి, లోపల చెక్క జల్లెడ అయిపోయి ఉంటుంది. చెక్క ఓడల కాలంలో ప్రపంచంలోని నౌకాదళాలన్నీ దీనికి భయపడ్డాయి. బ్రిటిష్ నేవీ 18వ శతాబ్దం రెండో సగంలో ఓడల అడుగున రాగిరేకులు కొట్టించింది దీని దెబ్బకే. మన దేశంలో అయితే చేపనూనె, జీడినూనె, సున్నం లాంటివి పూసేవారు. ఇంకో చిట్కా ఉంది. ఈ ప్రాణి మంచినీళ్లలో బతకలేదు. అందుకే నది నీళ్లు వచ్చే చోట చెక్క పడవని ఉంచితే దానికి సగం వైద్యం అయిపోయినట్టే.

ఇప్పుడు రెండో మోడల్, మసూలా పడవ. ఇది ఇంకా విచిత్రం. పలకలని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అక్షరాలా కుట్టడమే, బట్ట కుట్టినట్టు. పోర్టు రాకముందు వైజాగ్‌లో గానీ, భీమిలిలో గానీ పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు. దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకూ మనుషులూ ఈ మసూలా పడవల్లోనే అలలు దాటి అటూ ఇటూ తిరిగేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ మన అలల దెబ్బకి నేలని తాకితే పగిలిపోతుంది. కుట్టిన పడవ మాత్రం వంగి, సాగి, మళ్లీ నిలబడుతుంది. అయితే పీచు కుళ్లుతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు ఆ పడవని ఒడ్డెక్కించి, కుట్లు విప్పి, మళ్లీ కొత్తగా కుట్టాల్సిందే. ఆపి బాగుచేసుకోవడం దాని డిజైన్‌లోనే ఉంది.

చిన్న పడవలకి ఇసక సరిపోతుంది. మరి పెద్ద ఓడలని ఎక్కడ ఆపేవారు? దానికోసం కొంచెం దక్షిణానికి, కాకినాడ పక్కన కోరంగికి వెళ్లాలి. గోదావరి పాయ మీద ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మన తీరంలో ఓడల తయారీకి, రిపేర్లకి పెద్ద పేరున్న చోటు. అక్కడి టెక్నిక్ వింటే మతిపోతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడని కాలువలోకి తెస్తారు. వెనకాల మట్టితో గట్టు కట్టేస్తారు. లోపలి నీళ్లు తోడేస్తారు. అంతే, ఓడ బురద మీద కూర్చుంటుంది, అడుగు మొత్తం బయటపడుతుంది. గీకాల్సింది గీకి, మార్చాల్సిన పలకలు మార్చి, మళ్లీ గట్టు తెంపితే ఓడ తేలిపోతుంది. కాంక్రీట్ లేని డ్రై డాక్! మట్టితోనే పని కానిచ్చేశారు.

కానీ ఆ కోరంగిని కూడా నాలుగో శత్రువు వదల్లేదు. 1789లో ఒకసారి, 1839 నవంబర్‌లో మరోసారి, తుఫానుకి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది. ఓడలకి ఆశ్రయం ఇచ్చిన ఊరే అలల కింద పోయింది.

ఇక తుఫాను దగ్గరికొద్దాం. ఒక తేదీ గుర్తుపెట్టుకోండి: అక్టోబర్ 15. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు కోట మీద జెండా స్తంభాన్ని ఆ తేదీకి దించేవారు. ఇక ఈ తీరం ఓడలకి క్షేమం కాదు, లంగరు ఎత్తి వెళ్లిపొండి అని దాని అర్థం. మళ్లీ డిసెంబర్ మధ్యలోనే స్తంభం లేచేది. ఆ రెండు నెలలూ కోరమాండల్ తీరంలో తెరచాప ఓడ నిలబడిందంటే ప్రాణాలతో చెలగాటమే. ఒడ్డు తెరుచుకుని ఉంటుంది, తుఫాను గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఆ పట్టింపు ఊరికే రాలేదు. 1746 సెప్టెంబర్‌లో ఫ్రెంచి సేనాని లా బూర్దొనే ఇంగ్లీషువాళ్ల నుంచి మద్రాసుని గెలుచుకున్నాడు. గెలిచాడు, ఓడలని అక్కడే నిలిపి బేరాల్లో కూర్చున్నాడు. ఇప్పటి క్యాలెండర్ ప్రకారం అక్టోబర్ 13 రాత్రి తుఫాను వచ్చింది. యుద్ధంలో పోని ఓడలు లంగరు మీద నిలబడి పోయాయి.

అక్టోబర్ 13 అనగానే మన వైజాగ్ వాళ్లకి ఏదో గుర్తురావాలే! 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మధ్యాహ్నానికి మన ఊరి మీదకే వచ్చింది. చెట్లు, స్తంభాలు, ఎయిర్‌పోర్ట్ కప్పు మనందరికీ గుర్తున్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని మునిగిన సంగతి మాత్రం మత్స్యకార ఇళ్లలోనే గుర్తుంది. ఆ తర్వాత 2020 అక్టోబర్ 13. బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా, మన తీరం బయట లంగరేసుకుని ఉంది. వాయుగుండం గాలికి లంగరు నిలవలేదు. తెల్లారేసరికి తెన్నేటి పార్క్ రాళ్ల మీద కూర్చుంది. మీలో సగం మంది దాని ముందు సెల్ఫీ దిగే ఉంటారు. సుమారు 270 ఏళ్ల తేడాలో మూడు సంఘటనలు. మూడిట్లోనూ ఓడలు ప్రయాణంలో లేవు, ఆగి ఉన్నాయి. మూడూ ఆ పాత జెండా తేదీకి రెండు మూడు రోజుల ముందే.

అంటే ఈ తీరానికి అన్నిటికంటే కావాల్సింది ఏమిటి? పడవ క్షేమంగా పడుకునే చోటు. వైజాగ్ పోర్ట్ కథని నేను ఆ కోణంలోనే చూస్తాను. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున చిత్తడి నేలని తవ్వి, లోపలికి కాలువ తీసి, 1933లో పోర్ట్‌ని తెరిచారు. అలలని ఆపడానికి రెండు పాత ఓడలని తీసుకొచ్చి కావాలనే ముంచి, వాటి చుట్టూ రాళ్లు పేర్చి అడ్డుగోడ కట్టారు. మిగతా ఓడలు ప్రశాంతంగా నిద్రపోవడానికి రెండు ఓడలు సముద్రం అడుగున కాపలా పడుకున్నాయన్నమాట. ఆ తర్వాత 1976లో చేపల బోట్ల కోసం ఫిషింగ్ హార్బర్ వచ్చింది.

ఇక్కడి నుంచి కథ మారుతుంది. ఇప్పటిదాకా పడవని ఎప్పుడు ఆపాలో వాతావరణం చెప్పింది. ఇప్పుడు ప్రభుత్వం చెబుతోంది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో మరబోట్ల వేట ఆపేస్తారు. మొదట్లో నెలన్నర ఉండేది. 2015 నుంచి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. పడమటి తీరంలో కేరళ, గోవా, మహారాష్ట్ర వైపు నిషేధం వానాకాలంలో వస్తుంది. అక్కడ చేపకి విశ్రాంతి, పడవకి రక్షణ రెండూ ఒకేసారి కుదిరాయి. మనకి అలా కాదు. నిషేధం వేసవిలో, తుఫాన్లు అక్టోబర్, నవంబర్‌లో. చట్టం చెప్పే సెలవు ఒకటి, సముద్రం చెప్పే సెలవు ఇంకొకటి. మన మత్స్యకారుడు రెండూ పాటించాలి. రెండో సెలవుకి తేదీలు ఉండవు. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే అప్పటికప్పుడు ఆగిపోవడమే.

మరి ఆ 61 రోజులు హార్బర్‌లో ఏం జరుగుతుంది? అందరూ కాళ్లు బారజాపుకుని పడుకుంటారనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఏడాదిలో పడవకి సర్వీసింగ్ జరిగేది ఈ రెండు నెలల్లోనే. వరస వచ్చిన బోటుని గట్టెక్కిస్తారు. అడుగున రాయిలా అతుక్కున్న గుల్లలని గీకుతారు. అవి ఉంటే బోటు నెమ్మదిస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. చెక్క పలకల సందుల్లో దూది కూరి, పైన లప్పం పెడతారు. ఫైబర్ పొర లేచిన చోట మళ్లీ వేస్తారు. అడుగున గుల్లలు పట్టకుండా ప్రత్యేకమైన రంగు వేస్తారు. ఇంజన్ విప్పి, ఉప్పు పట్టిన గొట్టాలు శుభ్రం చేస్తారు. ఐసు పెట్టే అరలు కడుగుతారు. ఇంకో పక్క నీడలో కూర్చుని వలలు అల్లుతుంటారు, చిరిగినవి కలుపుతుంటారు. మిన్నెసోటా జెట్‌స్కీ లిస్ట్ పక్కన ఈ లిస్ట్ పెట్టి చూడండి. శత్రువు పేరు మారింది తప్ప ఆలోచన ఒక్కటే.

అన్నట్టు, ఒడ్డెక్కించిన పడవకి పని అయిపోతుందనుకుంటున్నారా? ఆర్కే బీచ్‌లో మన కురుసుర జలాంతర్గామిని చూడండి. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. నీళ్లలోంచి పూర్తిగా బయటికి తీసి ఇసక మీద కూర్చోబెట్టారు. అయినా ఉప్పుగాలి దాన్ని తింటూనే ఉంటుంది, రిపేర్లు చేస్తూనే ఉండాలి. యుద్ధానికి చేసిన ఉక్కు పరిస్థితే అది. చెక్క బోటు సంగతి మీరే ఊహించుకోండి.

ఇప్పుడు కాస్త బాధాకరమైన విషయం. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచాయి. జెట్టీ దగ్గర పక్కపక్కనే కట్టేసిన బోట్లు. లోపల డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు. అంటుకున్న బోటుని తాడు కోసి వదిలేస్తే, గాలికి మళ్లీ జెట్టీ వైపే వచ్చిందని అప్పట్లో వార్తలొచ్చాయి. తెల్లారేసరికి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. చాలావాటికి ఇన్సూరెన్స్ లేదు. నష్టంలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కానీ నాకు మిగిలిన ప్రశ్న వేరే. వేటాడే బోటుకి లైసెన్స్ ఉంది, వల కన్ను సైజుకి రూల్ ఉంది, వేట నిషేధానికి 1994 నాటి చట్టం ఉంది. ఆగి ఉన్న బోటు గురించి ఎంత ఆలోచించాం? రెండు బోట్ల మధ్య ఎంత జాగా ఉండాలి? సిలిండర్లు, డీజిల్ ఎప్పుడు దించాలి? రాత్రి కాపలా ఎవరు? అమెరికాలో ఒక సరదా బండిని షెడ్డులో పెట్టడానికి అంత తంతు ఉంటే, ఒక ఊరి మొత్తం బతుకుని కట్టేసే చోట ఎంత ఉండాలి?

ఇక నేను మాటిచ్చిన లెక్క. నిషేధ కాలంలో వేటకెళ్లే కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఒకప్పుడు 4,000 రూపాయలు. 2019లో 10,000 చేశారు. 2025లో 20,000 అయింది. పెరగడం మంచిదే, కాదనను. ఇప్పుడు 61తో భాగించండి. నాలుగు వేలంటే రోజుకి 66 రూపాయలు. పదివేలంటే 164. ఇరవై వేలంటే 328. ఒక కుటుంబానికి, రోజుకి. మరబోటు మీద కళాసీకి ఎక్కువగా నెల జీతం ఉండదు, పట్టిన చేపలో వాటా ఉంటుంది. చేప లేకపోతే వాటా లేదు. ఇంకో సంగతి చూడండి. భృతి లెక్కంతా బోటెక్కే వాళ్ల చుట్టూనే తిరుగుతుంది. తెల్లవారుజామునే హార్బర్‌కొచ్చి వేలంలో చేపలు కొని, బుట్టలో పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మే అక్కలకి కూడా ఆ 61 రోజులు బేరం పడిపోతుంది.

పడవని ఆపితే ఏమేం పాడవుతాయో మన పెద్దవాళ్లకి లిస్ట్ కంఠతా వచ్చు. కొయ్య, పీచు, ఇంజన్, రంగు, ప్రతిదానికీ ఒక మందు కనిపెట్టారు. పడవని ఆపితే దాని మీద బతికే మనిషికి ఏమవుతుందో, ఆ లిస్ట్ మాత్రం ఇంకా సగమే రాసి ఉంది. చేప పెరగడానికి నిషేధం కావాలి, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఆ చేప మనందరి కంచాల్లోకి వస్తుంది. దాని పెరుగుదలకి అయ్యే ఖర్చు మాత్రం ఎక్కువగా ఒకే వీధివాళ్లు మోస్తున్నారు.

ఈసారి ఏప్రిల్, జూన్ మధ్యలో ఆర్కే బీచ్‌కి వెళ్తే, అక్కడి నుంచి కొంచెం ముందుకెళ్లి హార్బర్ వైపు ఓ చూపు వేయండి. గట్టెక్కిన బోట్ల కింద పడుకుని గుల్లలు గీకేవాళ్లు కనిపిస్తారు. ఓ పది నిమిషాలు నిలబడి మాట్లాడండి. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర చెబుతారు. జూన్ 15కి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి బోట్లన్నీ బయల్దేరిపోతాయి, అప్పుడు వాళ్లు మీకు దొరకరు.

మీ ఇంట్లో గానీ, మీ పేటలో గానీ తెప్ప కట్టడం తెలిసిన తాతయ్యలు ఉంటే, ఫోన్ తీసి వాళ్లు ముడి వేసే పద్ధతిని ఒక్కసారి వీడియో తీసి పెట్టుకోండి. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ ముడి అవసరం తగ్గిపోయింది, నేర్చుకునేవాళ్లూ తగ్గారు.